నర్సమ్మ సంతకం

నర్సమ్మ పోయిందని మొన్న సోమవారం కార్డు వచ్చింది. రాసింది ఖమ్మం దవాఖానాలో నర్సుగా పనిచేస్తున్న ఒకమ్మాయి. "అక్కా, అమ్మ పోయింది. పదకొండో రోజుకు రా. నీతో పనుంది." అంతే. ఆ అమ్మాయి నర్సమ్మ కన్న బిడ్డ కాదు. ఆ ముడి విప్పాలంటే నా తప్పు చెప్పుకోవాలి. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్ల మంచి నాలుగు మాటలు రాసి ఊరుకోవచ్చు. నాకా వెసులుబాటు లేదు.

మాది దుమ్ముగూడెం దాటాక అడవి అంచున ఉన్న పల్లె. మా తాతలు కోస్తా నుంచి వచ్చి అక్కడ పొలాలు చేసుకున్నారు. నేను పది పాసై ఇంట్లో కూర్చున్న రోజుల్లో నర్సమ్మ సర్కారు నర్సుగా వచ్చి మా పక్క గదిలో కిరాయికి దిగింది. పెనుబల్లి వైపు మనిషి, పెళ్లి చేసుకోలేదు. "మీవాళ్లెవరూ రారేంటమ్మా?" అని మా అమ్మ అడిగితే, "నేను పోతేగా పిన్నీ, వాళ్లు వచ్చేది" అని నవ్వేసింది.

పొద్దున్నే సూదులు మరగబెట్టి స్టీలు డబ్బాలో సర్దుకుని, గొడుగు చంకన పెట్టుకుని గూడేలకు నడిచిపోయేది. ఎవరి ఇంట్లోనైనా పిల్లలకు బాగా లేదంటే ముందుగా "వేన్నీళ్లు కాచి తెండి" అని పెద్దవాళ్లను బయటికి పంపేది. వాళ్లు వచ్చేదాకా పిల్లతో గుసగుసగా ఏదో మాట్లాడేది. నేను వెంట వెళ్లిన రోజుల్లో ఆ నీళ్లు వాడగా ఎప్పుడూ చూడలేదు. ఎందుకని అడిగితే, "నీళ్లు కాగేలోపు నా పని అయిపోతది" అంది. చాదస్తమనుకున్నాను. "చెప్పుకోని నొప్పికి మందు లేదు" అనేది ఇంకొక మాట. సూది వేసేటప్పుడు పళ్లు బిగబట్టుకునేవాళ్లను చూస్తే ఆమెకు కోపం. అరవమనేది.

ఎండాకాలంలో మా ఊరికి తునికాకు పండగ. తెల్లవారకముందే ఆడవాళ్లు అడవికి పోయి బీడీలు చుట్టే ఆ ఆకు కోసుకొచ్చేవాళ్లు. మధ్యాహ్నం మా పశువుల కొట్టం నీడలో చేరి యాభై ఆకులకొక కట్ట చొప్పున నారతో కట్టేవాళ్లు. చేతులకు పనే కానీ చెవులకు పని లేదు కాబట్టి, నేను మంచం మీద కూర్చుని వారపత్రిక పైకి చదివేదాన్ని. పత్రిక భద్రాచలం నుంచి నర్సమ్మే తెచ్చేది. తనూ వచ్చి వాళ్లతో కింద కూర్చుని, నిండు చూలాలెవరైనా ఉంటే ఆమె కట్టలు తాను కట్టిపెట్టేది. గొంతు బాగుంటుందని అందరూ అనేసరికి నాకు కాస్త తలకెక్కింది కూడా.

ఆ ఏడు పత్రికలో కొత్త సీరియల్ మొదలైంది. రాసినావిడ పేరు లేదు, 'ఒక సోదరి' అని మాత్రం ఉండేది. తల్లి లేని పిల్ల. తండ్రి కొట్టడం, గాదెలో పెట్టి తలుపు వేయడం, కాల్చిన గరిటె. కథ కాదు, తన బతుకే అని ముందే రాసుకుంది. మూడు వారాలు అందరూ నోరెత్తకుండా విన్నారు. నాలుగోవారం మాటలు మొదలయ్యాయి.

"కన్నతండ్రి మీద గిట్ల రాస్తదా? సిగ్గు లేదా ఆమెకు?"

"కొట్టని తండ్రి, తిట్టని తల్లి ఉంటరా ఏంది?"

"ఇంటిగుట్టు లంకకు చేటని ఊకె అన్నరా."

గూడెం నుంచి వచ్చే ఒక ముసలమ్మ మాత్రం ఆకు మీంచి తల ఎత్తకుండానే, "మా దిక్కు పిల్లల మీద చెయ్యెత్తరు. ఆమెకు అబద్ధం రాసే పనేంది?" అంది. ఎవరూ పట్టించుకోలేదు. నేనైతే అసలు పట్టించుకోలేదు.

మా మధ్యన పన్నెండేళ్ల పిల్ల ఒకతి ఉండేది. అమ్మానాన్నలు పోతే మేనమామ ఇంట్లో ఉంటోంది. ఎంత ఎండలోనైనా పొడుగు చేతుల చొక్కా వేసుకునేది. ఎందుకో మాకందరికీ తెలుసు. వాళ్ల అత్త "బాయి కాడ జారిపడ్డది" అంటే, "అవ్, పిల్లలు పడకుంటరా" అని అందరం తలూపేవాళ్లం. సీరియల్ చదవడం అయిపోగానే ఆ పిల్ల ప్రతిసారీ ఒకటే అడిగేది. "అక్కా, ఆ పిల్ల ఇంట్లకెళ్లి ఎట్ల బయటపడ్డది?" వచ్చేవారం తెలుస్తదిలే అనేదాన్ని. గరిటె వచ్చే చోట్ల నేను పేరాలకు పేరాలు దాటేసేదాన్ని. ఆ పిల్ల అత్త ఎదురుగా కూర్చునేది కదా, ఆమె నొచ్చుకుంటుందని.

చివరికి ఆ అత్తే అంది, "పంతులమ్మ లెక్క చదువుతవు, ఒక ఉత్తరం రాయరాదూ? ఇసొంటివి అచ్చేయొద్దని." నేను ఎగిరి గంతేశాను. కూర్చున్న పాటున రెండు పేజీలు రాశాను. తల్లిదండ్రులు దేవుళ్లతో సమానమని, దండం దశగుణమని, ఇలాంటి రాతలు చదివితే పిల్లలు పెద్దలకు ఎదురు తిరుగుతారని. నాకు తెలిసిన పెద్దమాటలన్నీ అందులో పోశాను. కింద అందరి వేలిముద్రలు ఉండాలన్నాను. సిరా అద్దే డబ్బా నర్సమ్మ సంచిలోనే ఉంది. అడిగితే తీసి ఇచ్చింది. ముసలమ్మ ఒక్కతే తన కట్టలు ఎత్తుకుని లేచిపోయింది. ఆ పిల్ల వేలు పట్టుకుని వాళ్ల అత్త ముద్ర వేయించింది.

"నర్సమ్మా, నువ్వు సర్కారు మనిషివి. నీ సంతకముంటే ఉత్తరానికి బరువు" అన్నాను. ఆమె ఉత్తరం తీసుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది. కాసేపు ఆ పిల్లవైపు చూసింది. తర్వాత సంతకం పెట్టింది.

నెల తిరక్కుండా నా ఉత్తరం అచ్చయింది. పాఠకుల అభ్యంతరాల వల్ల సీరియల్ ఆపేస్తున్నామని దాని కిందే వేశారు. ఆ సంచిక కూడా భద్రాచలం నుంచి నర్సమ్మే తెచ్చింది. "నీ పేరు అచ్చులో వచ్చింది, చూసుకో" అని నా చేతిలో పెట్టింది. మా అమ్మ సంబరపడి సేమియా పాయసం చేసి మొదటి గిన్నె ఆమెకే ఇచ్చింది. తాగి, గిన్నె కడిగి పెట్టి వెళ్లింది.

వానలు మొదలయ్యాక నర్సమ్మ ఆ పిల్లను జ్వరానికి రక్తపరీక్ష అని భద్రాచలం తీసుకెళ్లి, అక్కడే ఆడపిల్లల హాస్టల్లో చేర్పించి ఒక్కతే తిరిగొచ్చింది. మేనమామ చేత హాస్టల్ కాగితం మీద ముందే ముద్ర వేయించుకుంది. అత్త మా గుమ్మం ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టింది. నర్సమ్మ తలుపు తీసుకుని నిలబడి అంతా విన్నది. నేను మా కిటికీ వెనకే ఉన్నాను. బయటికి రాలేదు. కొన్నాళ్లకు నర్సమ్మకు బదిలీ అయింది. నాకు పెళ్లయింది.

పదకొండో రోజుకు ఖమ్మం వెళ్లాను. ఆ పిల్ల, అదే, ఇప్పటి నర్సు, నా చేతిలో నర్సమ్మ చేతిరాతతో ఉన్న ఒక లావుపాటి నోటుపుస్తకం పెట్టింది. మొదటి పేజీ రెండు వాక్యాలు చదివేసరికి గుర్తుపట్టాను. అవి నా గొంతుతో నేను కొట్టంలో చదివిన వాక్యాలు.

"సీరియల్ ఆగినంక నేను అమ్మ దగ్గరికి పోయి ఏడ్చిన" అంది. "ఆ పిల్ల బతికిందా నర్సమ్మా అని అడిగిన. బతికింది, నీ పక్కన కూసోని ఆకు కడుతున్నది అన్నది."

నోటుపుస్తకం మూసి అడిగాను. "మరి సంతకం ఎందుకు పెట్టింది? నేను కాగితం ఇస్తే నా మొహాన కొట్టాల్సింది."

"పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని అందరూ అడుగుదురు. రాసింది తనేనని ఎట్లనో బయటపడేది. పడితే మా అత్త నన్ను ఆమె ఛాయలకు రానిస్తదా? పుస్తకం పోతే పోయింది, పిల్ల చాలు అనుకున్నదట."

నన్ను తిట్టలేదు. తిడితే కాస్త తేలికపడేదాన్నేమో. "అచ్చు కానిది చివర ముప్పై పేజీలున్నది. అందరూ కూసున్నరు. నువ్వు చదువక్కా. ఈసారి దాటెయ్యకు" అంది.

చదివాను. గరిటె ఉన్న చోట ఆగి, మళ్లీ ఆ వాక్యమే మొదలుపెట్టి చదివాను. ఆ పిల్ల ఎట్లా బయటపడిందో ఇన్నేళ్లకు నా నోటితో చెప్పాను. వినాల్సిన పిల్లకు అది ఎప్పుడో తెలుసు.

తిరిగొచ్చే బస్సులో ఆ మధ్యాహ్నమే కళ్ల ముందు ఆడింది. ముద్రలు వేయడం అయ్యాక నర్సమ్మ సంచిలోంచి దూది తీసి, స్పిరిట్ తడిపి, వరసగా అందరి వేళ్లూ తుడిచింది. ఆ అత్త వేలు కూడా తుడిచింది. అందరికంటే చివర ఆ పిల్ల ముందు కూర్చుంది. సిరా మొత్తం పోయింది, వేలు తెల్లబడింది, అయినా వదలకుండా రెండు చేతులతో పట్టుకుని తుడుస్తూనే ఉంది. నేను మంచం మీద కూర్చుని కవరుకు బంక రాసుకుంటున్నాను.