ఆదిశేషుడంత పైపు

ఆ రోజు కోరుట్లలో బస్సెక్కి నా పక్కన కూర్చున్నాయన ఒళ్లో ఆకుపచ్చ నీళ్ల పైపు చుట్ట ఉంది. పైపేమిటి, సాక్షాత్తూ ఆదిశేషుడే. తల నా చెవిలో, తోక కండక్టర్ సంచిలో.

"బాయికాడికా అన్నా?" అన్నాను.

"కాదు సారూ, రాళ్లు కోసే మిషిన్‌కు. నీళ్లు వోసుకుంట కోస్తే దుమ్ము లేవదు."

అంటూనే దగ్గాడు. ఆ దగ్గు ఊపుకి బస్సు డీజిల్ లేకుండానే జగిత్యాల చేరుతుందనిపించింది. ఆయాసం తగ్గాక జేబులోంచి బెల్లంముక్క తీశాడు.

"బెల్లం తింటే దుమ్ము కడుపులకు జారుతదని ఇన్నేండ్లు తిన్న. దుమ్మేమో ఊపిరితిత్తులల్లనే ఉన్నదట. పోయిన ఊపిరి మల్ల రాదన్నడు డాక్టర్."

"మరి ఈ పైపెందుకు?"

"సేటు దగ్గర నేను నడిపిన మిషిన్ మీద ఇప్పుడు మా తమ్ముడున్నడు. వాని జేబుల గూడ బెల్లమే ఉన్నది."

"బురదయితదని సేటు వద్దంటే?"

"పైపు పెట్టకుంటే తమ్ముడు రాడని చెప్పే వచ్చిన. సేటే కోసుకుంటడు తియ్యి."

జగిత్యాలలో దిగుతుంటే పైపు కొస పట్టి సాయం చేశాను. ఆయన బెల్లంముక్క నా చేతిలో పెట్టాడు.

"తినున్రి సారూ. తియ్యగుంటది, గంతే."