గాలికి ఊగిన గట్టు

మా ఒంగోలు ఆఫీసు పక్క స్థలంలో ఎవరో ఇల్లు కడుతున్నారు. నిన్న లారీలో సరుగుడు కర్రలు తెచ్చి దించారు. పచ్చి కర్ర వాసన కిటికీలోంచి నా టేబుల్ దాకా వచ్చింది. ఆ వాసనకి ఇంకొకరికి పెళ్ళిపందిరి గుర్తొస్తుందేమో. నాకు మాత్రం మస్తాన్‌వలి గారు గుర్తొస్తారు, ఆయనతో పాటు నేను చేసిన తెలివితక్కువ పని కూడా.

మస్తాన్‌వలి గారు నా మొదటి బాస్. చీరాల మనిషి, ముప్ఫై ఏళ్ళు ఆ తీరమంతా కాలినడకన సర్వే చేసినవారు. నేనేమో గుంటూరు దగ్గర మిర్చి రైతు కూతుర్ని. సముద్రమంటే ఆదివారం వాడరేవు వెళ్ళి కాళ్ళు తడుపుకునే చోటు, అంతే. సునామీ వస్తే నీళ్ళు ఎంతదాకా వస్తాయో కంప్యూటర్లో లెక్కగట్టి మ్యాపులు చేయడం మా పని. దానికి నేల ఎత్తులూ, సముద్రపు అడుగు లోతులూ కావాలి. ఎత్తులు ఉపగ్రహం నుంచి, లోతులు పాత చార్టు నుంచి తీసుకుని, రెండూ అతికించి, నెల తిరక్కుండానే మ్యాపు తయారుచేశాను. వాడరేవుకు దక్షిణాన ఉన్న ఒక చిన్న పల్లె అందులో నిక్షేపంగా, పొడిగా కనిపించింది.

మా ఆఫీసు దగ్గరకొచ్చి ఎండుచేపలు అమ్మే రమణమ్మది ఆ పల్లే. ఒకరోజు గంప దించి అడిగింది: “అమ్మా, ఒడ్డు దగ్గర జాగాలో ఇల్లు మొదలుపెడదామా, రోడ్డుకి పడమట కట్టుకోమంటావా?”

“మీ ముందు తొమ్మిది మీటర్ల గట్టుంది. ఏం భయం లేదు, ఒడ్డు దగ్గరే కట్టుకో” అనేశాను. ఎంత ధీమా! ఆవిడ వెళ్ళి పునాది తవ్వించింది.

వారం తర్వాత మస్తాన్‌వలి గారు మ్యాపు చూశారు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, “ఈ గట్టు ఎక్కడిదమ్మా?” అన్నారు.

“డేటాలో ఉంది సార్.”

“నేను ముప్ఫై ఏళ్ళుగా అటు తిరుగుతున్నా. నాకెప్పుడూ గట్టెక్కిన ఆయాసం రాలేదే!”

మర్నాడు పొద్దున్నే బయల్దేరదీశారు. వెళ్ళి చూస్తే నా గట్టు అక్కడే ఉంది, గాలికి ఊగుతూ. అది సరుగుడు తోపు. ఉపగ్రహం చెట్ల తలలు చూసి నేల అనుకుంది, నేను ఉపగ్రహాన్ని నమ్మాను. కింద ఇసుక దాదాపు సముద్రంతో సమానంగా ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన తిట్టలేదు. “ఎవరికైనా చెప్పావా?” అని అడిగారు. రమణమ్మ సంగతి చెప్పాను. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, “పద, పని చూద్దాం” అన్నారు. వారం రోజులు తోపు కింద నేల కొలిచాం. ఒడ్డు దగ్గర సముద్రం అడుగు ఎలా ఉంటే అల అలా లేస్తుంది కాబట్టి, పాత చార్టు మీదా ఆయనకు నమ్మకం లేదు. రమణమ్మ భర్త పోలయ్య పడవలో వెళ్ళాం. అతను సీసం గుండు కట్టిన తాడు వదిలి, పైకి లాగుతూ చేతులు చాచి బారలు లెక్కపెట్టాడు. “ఇక్కడ మేట వేసింది సార్, మీ కాయితంలో ఉన్నంత లోతు లేదు” అన్నాడు. చార్టు తప్పేననిపించింది.

కొత్త లెక్కలో పల్లె మునిగింది. రమణమ్మకు ఫోన్ చేయబోతే ఆయన ఆపారు.

“కట్టుకోమని ఫోన్లో చెప్పావా?”

“లేదు సార్, ఎదురుగానే.”

“అయితే ఇదీ ఎదురుగానే చెప్పాలి తల్లీ.”

వెళ్ళాం. రమణమ్మ మనవరాలిని చంకనేసుకుని పునాది దగ్గరే ఉంది. “నేను చెప్పింది తప్పు రమణమ్మా, ఇక్కడికి నీళ్ళొస్తాయి” అన్నాను.

“ఏందమ్మా, అప్పుడట్టా చెప్పి ఇప్పుడిట్టా అంటావు? ఎంత లోతొస్తాయి?”

నేను మీటర్లలో చెప్పబోయాను. మస్తాన్‌వలి గారు పునాది మధ్యలో కొలత కర్ర నిలబెట్టి, ఒక గీత మీద వేలు పెట్టారు. “ఇక్కడిదాకా, అమ్మా.”

రమణమ్మ ఆ గీత వంక చూసింది. చంకలో ఉన్న మనవరాలిని దించి కర్ర పక్కన నిలబెట్టింది. పిల్ల తల గీతకి మూరెడు కిందే ఉంది. ఆ పిల్ల కర్ర మీది ఎర్రంకెలు వేలితో గీరుతూ నవ్వుతోంది.

రమణమ్మ ఆ పునాది రాళ్ళన్నీ పీకించి రోడ్డుకు పడమట ఇల్లు కట్టుకుంది. నన్ను తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది, తిట్టలేదు. మస్తాన్‌వలి గారు పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు మ్యాపుల మీద సంతకం నాదే. పెట్టే ముందు, ఏ ఊరి మ్యాపయితే ఆ ఊరికి వెళ్తాను. నీళ్ళు రావని మ్యాపులో పచ్చగా చూపించిన చోట ఎవరింట్లోనైనా పిల్లలున్నారేమో అడిగి, వాళ్ళ పక్కన నిలబడి వస్తాను. నా కింద పనిచేసే కుర్ర ఇంజనీర్లు, “మేడమ్, రెండు రోజులు దండగ” అంటారు. ఔను, దండగే అంటాను. జీపెక్కమంటాను.