నల్లరాతి మీది రాదోయ్కా

మా కోడలు రాదోయ్కాకి రెండు మొహాలు. ఒకటి వంటింట్లో ఉంటుంది, ఇంకొకటి శ్మశానంలో. మా వైపు ఆనవాయితీ అంతే, మొగుడు పోతే సమాధి మీద నల్లరాయి మొగుడూ పెళ్లాం ఇద్దరికీ కలిపే వేయిస్తాం. నా కొడుకు మిలివోయె హెర్నియాకని ఆపరేషన్ బల్ల ఎక్కాడు. చిన్న పనే అన్నారు. మత్తులోంచి మళ్లీ లేవలేదు. రాతి మీద వాడి మొహం, పక్కన దాని మొహం చెక్కించాను. దాని మొహం కింద పుట్టిన ఏడు, ఒక గీత, ఆ తర్వాత ఖాళీ. చెక్కినవాడు చెయ్యి తిరిగినవాడు, గడ్డం కింద ఒక్క మడత లేకుండా చేశాడు. అప్పటికి దానికి ముప్పై ఎనిమిది. ఇప్పుడు యాభై దాటింది.

వాడు పోయాక అది దుఃఖాన్ని తిండితో పూడ్చింది. రొట్టె, పంది కొవ్వు, మళ్లీ రొట్టె. తర్వాత ఒక చలికాలం ఏం బుద్ధి పుట్టిందో, నోరు కట్టుకుని సగానికి సగం చిక్కింది. కొవ్వు పోయింది గాని తోలు పోలేదు. పొట్ట దగ్గర వంటగుడ్డ కట్టుకున్నట్టు వేలాడేది. ఒకసారి స్నానాల గదిలోంచి వస్తుంటే కనపడింది. ఏమీ అనకుండా ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు అలవాటు లేదు, అందుకే గుర్తుంది.

సంతలో తేనె అమ్మే వితోమిర్‌కి భార్య లేదు. ద్రాక్షకోతలు కాగానే వేడినీళ్ల ఊటలకి పోదాం, వారం ఉండి వద్దాం అని రాదోయ్కాని అడిగాడు. దానికి మొహం వెలిగింది, ఆ వెంటనే ఆరిపోయింది.

"అత్తమ్మా, ఈ పొట్టతో నీళ్లలోకి ఎలా దిగను?"

"కాళ్లతో దిగు. అందరూ అలాగే దిగుతారు."

"నీకన్నీ వేళాకోళాలే."

వసంతంలో నిష్ పట్నంలో డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన తోలు పట్టి లాగి వదిలాడు. "ఇది కొవ్వు కాదమ్మా, సాగిపోయిన చర్మం. కోసి కుట్టాలి. ఇంకేదీ పనిచెయ్యదు."

"మత్తిస్తారా?" అంది.

"ఇవ్వకుండా ఎలా కోస్తాం?"

కోటు తీసుకుని మెట్లు దిగిపోయింది. ఆయనకి సంజాయిషీ చెప్పబోయి, చెప్పేదేముందని నేనూ దిగాను.

మా వీధిలో జుట్టు కత్తిరించే ల్యూబింకా అప్పుడే ఒక యంత్రం తెప్పించింది. పొట్టకి కప్పులాంటిది అతికిస్తే చల్లదనానికి కొవ్వు చచ్చి, తోలు బిగుస్తుందట.

"కత్తి లేదు, మత్తు లేదు. కాఫీ తాగుతూ కూచోవడమే రాదోయ్కా," అంది.

"నిన్నటిదాకా తలకి రంగేసేదానివి, ఇవాళ డాక్టరమ్మవయ్యావా?" అన్నాను.

"ఇది మీ కాలం కాదు బామ్మా."

"అవును, మా కాలంలో మంచులో పంది మాంసం పెట్టేవాళ్లం, ఆడవాళ్లని కాదు."

రాదోయ్కా నవ్వలేదు. "అక్కడైతే కళ్లు తెరిచే ఉంటాను అత్తమ్మా. నాకది చాలు," అంది. ఆ వారమే వెళ్లి కప్పు పెట్టించుకుని వచ్చింది.

ద్రాక్ష పండే వేళకి బొడ్డు కింద గట్టిగా ఏదో లేచింది. రోజురోజుకీ పెరిగింది. అచ్చం ఆ కప్పు ఆకారమే, అంచులతో సహా. తోలు కింద రొట్టె దాచుకున్నట్టు. ల్యూబింకా మర్దనా చేసుకోమంది, తర్వాత ఫోనెత్తడం మానేసింది. మళ్లీ నిష్ వెళ్లాం.

"ఏ కొద్దిమందికో ఇలా అవుతుంది. చావాల్సిన కొవ్వు గట్టిపడి పెరుగుతుంది," అన్నాడు డాక్టరు. "దానంతటది పోదు. ఇక ఈ గడ్డా, ఆ తోలూ రెండూ కొయ్యాల్సిందే, అదీ కొన్ని నెలలు ఆగాక."

తిరుగు బస్సులో అది కిటికీకి తల ఆనించి కూచుంది.

వితోమిర్ కారు కడిగించుకుని మరీ వచ్చాడు. నేను పెరట్లో ఎర్ర మిరపకాయలు కాల్చి తోలు తీస్తున్నాను. గేటు దగ్గర మాటలు వినపడ్డాయి.

"సామానేది?"

"రాలేను. అత్తమ్మకి బాగాలేదు. మంచం పట్టింది."

నేను! తుమ్ము కూడా ఎరగనిదాన్ని! నాలుగు దులపాలని లేచాను. కానీ దాని గొంతు ఎలా ఉందో విన్నాను. చప్పుడు చెయ్యకుండా వెనక తలుపులోంచి పోయి, మసి చేతులతోనే దుప్పటి కప్పుకుని పడుకున్నాను. పట్టపగలు మంచమెక్కడం నా జన్మలో అదే మొదలు.

అతను తేనెసీసా పట్టుకుని పలకరించడానికి లోపలికి వచ్చాడు. "ఏమైంది బామ్మా?"

"ముసలితనం నాయనా."

గదంతా కాల్చిన మిరపకాయల వాసన. అతని చూపు నా గోళ్ల మీద ఆగింది, తర్వాత దాని వదులు కోటు మీదికి వెళ్లింది.

"ఇష్టం లేకపోతే లేదనొచ్చుగా రాదోయ్కా. దానికి ముసలావిణ్ణి పడుకోబెట్టాలా?"

సీసా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

"పరిగెత్తి చెప్పవే!" అన్నాను లేచి.

"ఏమని? గుడ్డ ఎత్తి చూపించనా?"

కారు మలుపు తిరిగిన చప్పుడు ఇద్దరం విన్నాం. మళ్లీ రాలేదు. నిష్ డాక్టరు ఊసు కూడా అది ఇంట్లో మళ్లీ ఎత్తలేదు.

ఆకులు రాలాక, పోయినవాళ్లని తలుచుకునే శనివారం నాడు, ఉడికించిన గోధుమలు, కొవ్వొత్తులు పట్టుకుని శ్మశానానికి వెళ్లాం. ఎప్పుడూ అది రాతి మీది రెండు మొహాలూ కడిగేది. ఈసారి మిలివోయె మొహం ఒక్కటే తుడిచి గుడ్డ పిండేసింది. పక్కదాని మీద వేసవి దుమ్ము, పాత మైనం చారలు అలాగే ఉన్నాయి. నేను తలగుడ్డ అంచుతో తుడవబోయాను.

నా చెయ్యి పట్టుకుంది.

"వదిలెయ్ అత్తమ్మా. దానికేం, అది బాగానే ఉంది."