పేషెంట్ తాలూకు ఎవరండీ?

ఆ రోజుల్లో నాకు సరిగ్గా పనిచేసే కాలు ఒక్కటే. ఆ ఒక్క కాలితో గెంతుకుంటూ, పక్క మంచం మనిషి సెలైన్ సీసా పైకెత్తి పట్టుకుని, ఆయన స్ట్రెచర్ వెంట ఐసీయూ గుమ్మం దాకా వెళ్ళాను. "ఏమయ్యా, నువ్వూ పేషెంటువే కదా?" అని వార్డుబాయ్ దారిలో ఆగి మరీ అడిగాడు. జవాబు చెప్పేంత ఊపిరి నాకు లేదు. స్ట్రెచర్ మీది ఆయనకు అసలే లేదు.

ఇది అర్థం కావాలంటే ముందు నేను పడిన సంగతి చెప్పాలి. పత్రికలో కొత్తగా చేరి ప్రమాదాల వార్తలు రాసేవాణ్ణి. అలాంటి వార్త కోసమే ఆటోనగర్ వెళ్తూ, లారీల మధ్య బండి జారి నేనే వార్తనయ్యాను (మా డెస్కు వాళ్ళు అదీ వెయ్యలేదు). ఎమర్జెన్సీలో నొప్పిని మించిన చిక్కు ఎదురైంది. "పేషెంట్ తాలూకు ఎవరండీ?" అని నర్సు అరిచిన ప్రతిసారీ నా తాలూకు ఎవరూ లేరు. భయపడతారని ఇంట్లో చెప్పలేదు. తాలూకు మనిషి లేనిదే చక్రాల కుర్చీ కదలదు, మందులు రావు. చివరికి, ఆయాసంతో ఉన్న భర్తను గుణదల నుంచి తీసుకొచ్చిన ఒకావిడ లేచింది. "నేనేనమ్మా, అబ్బాయికి పిన్నిని," అని చెప్పి, భర్త వైపు తిరిగింది. "మీరు నెమ్మదిగా ఊపిరి పీలుస్తా ఉండండి. ఈ అబ్బాయికి ఎక్స్‌రే తీయించుకొస్తా."

వార్డులోనూ మా మంచాలు పక్కపక్కనే పడ్డాయి. పిన్ని ఇద్దరికీ ఒకే ప్లాస్కులోంచి గంజి పోసేది, ఒకే ప్రార్థన చేసేది, తిట్టేటప్పుడూ కలిపే తిట్టేది. "ఈయనకేమో ఊపిరాడదు, నీకేమో నోరాగదు. దేవుడు చెరిసగం పంచితే పోయేదిగా!" బాబాయి నవ్వబోయి దగ్గేవాడు (నవ్వించొద్దని డాక్టరు చెప్పింది నాకు కాదు, పిన్నికే).

ఒక పొద్దున ఆవిడ నా మందుల కోసం కిందికి వెళ్ళింది. ఇంతలో బాబాయి పెదాలు నీలంగా మారాయి. నర్సులు పరుగెత్తుకొచ్చారు. "ఈ పేషెంట్ తాలూకు ఎవరు?"

"నేనే," అన్నాను.

పిన్ని వచ్చేసరికి మూసిన ఐసీయూ తలుపు పక్కన, గోడకు ఆనుకుని ఒంటికాలి మీద నిలబడి ఉన్నాను. ఆవిడ తలుపు చూసింది, నా పిండికట్టు చూసింది. "కూర్చో నాయనా, కాలు వాచిపోద్ది. ఈ ఎర్రబిళ్ళ అన్నం తిన్నాక వేసుకో," అంది.

ఆఫీసు వాళ్ళు కబురు పెట్టగా ఆ సాయంత్రమే మా అమ్మానాన్నలు వచ్చి గన్నవరం తీసుకెళ్ళారు. అప్పటికీ ఆవిడ ఆ గుమ్మం ముందే నేల మీద కూర్చుని ఉంది. కాలు నయమయ్యాక వెళ్ళి వాళ్ళ గురించి అడిగితే వార్డులో ఎవరికీ గుర్తులేదు. ఇన్నేళ్ళయినా, ఏ ఆస్పత్రిలో "తాలూకు ఎవరండీ?" అని వినపడినా నా చెయ్యి దానంతటదే లేస్తుంది (మా ఆవిడ పట్టుకుని కిందికి దించుతుంది). బాబాయి ఆ తలుపులోంచి ఎలా బయటికొచ్చాడో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.