తెరచాప మీద బాబాయిగారు

కిందటి వేసవిలో నాకు తెరచాప బండి పిచ్చి పట్టుకుంది. మూడు చక్రాల బండి, ఇసుక మీద గాలికే పరిగెడుతుంది. వీడియోలు చూసి మలికిపురంలో వెల్డింగ్ చేయించేను. తెరచాపకి దుప్పటి కడితే గాలి నిలవలేదు, టార్పాలిన్ బరువైపోయింది. చివరికి మా షెడ్డులో ఉన్న ఫ్లెక్సీ కుదిరింది. పోయిన పక్కింటి బాబాయిగారి జ్ఞాపకార్థ కూడికకి కట్టినది. ఫోటో లోపలికి మడిచి కుట్టించేను. "ఆ ఫ్లెక్సీ ఏమైంది బాబూ?" అని పిన్నిగారు అడిగితే, "చూస్తానండీ" అని తప్పించుకున్నాను.

బండిని మాత్రం పసిపిల్లలా చూసుకునేవాణ్ణి. బీచ్ నుంచి రాగానే ఉప్పు పట్టకుండా చక్రాలు మంచినీళ్ళతో కడిగి, గ్రీజు పెట్టేవాణ్ణి.

మా చర్చివాళ్ళు అంతర్వేది బీచ్‌కి పిక్నిక్ వచ్చిన రోజు, అందరూ చూడాలని తాడు బిగించి లాగేను. గాలి విసురుకి బండి సరిగ్గా వాళ్ళ ముందే పల్టీ కొట్టింది. కుట్టు పిగిలి ఫ్లెక్సీ విచ్చుకుంది. తడి ఇసుకలో బాబాయిగారు నవ్వుతూ పడున్నారు.

వాళ్ళలోంచి పిన్నిగారు వచ్చి, పమిటచెంగుతో ఆయన ముఖం మీద ఇసుక తుడిచేరు.

"ఉప్పునీళ్ళు కదా బాబూ, రంగు పోతుందేమో. నీ చక్రాలతో పాటు దీన్ని కూడా కాస్త కడిగి ఇస్తావా?"

"ఆయ్, అలాగేనండీ" అంటూ ఫ్లెక్సీని బండి నుంచి విప్పేను.

ఇప్పుడది పిన్నిగారి హాల్లో ఉంది. ఎంత కడిగినా అంచుల మీది కుట్టు రంధ్రాలు పోలేదు. ఆ ఇంటికి వెళితే నా చూపు ముందు వాటి మీదే పడుతుంది.