ప్రాసెసర్ మీద బొట్టు

ఆ దుకాణం సేటు మీద నాకు పగ ఉండె. ఉండె అంటె అబద్ధం, ఇంక ఉన్నది. దినాలు గడిస్తె కోపం అదే సల్లారుతదంటరు గని, ఆ గుణం దేవుడు నాకు పెట్టలె. సూరత్‌ల కంప్యూటర్ల మార్కెట్ దిక్కు పోయినప్పుడు ఆయన బోర్డు కండ్లవడ్డదంటె చాలు, ఇప్పటికి గూడ పటపట పండ్లు కొరుకుత. "గంత పగ ఎందుకయ్యా, నీ పండ్లే అరుగుతయి" అంటది మా ఆమె. అరగనీ.

ముందుగాల మా ముచ్చట చెప్పాలె. మేము సూరత్‌ల గోడాదరాల ఉంటం. మా బాపు సిరిసిల్ల దిక్కు నుంచి పెండ్లి గాకముందే ఇక్కడికొచ్చి సాంచాల మీద పడ్డడు. సాంచ అంటె కరెంటు మగ్గం. మొదలు నడిపిండు, తర్వాత బాగుచేసుడు నేర్సుకున్నడు. ఇప్పుడు మా గల్లీలల్ల ఏ కార్ఖానల సాంచ మొరాయించినా బాపుకే ఫోన్ వస్తది. నన్ను గూడ సాంచ కాడనే నిలవెట్టాలని చూసిండు గని, నేను ఆ మోతకు పారిపోయి కంప్యూటర్ మీద చీరెల డిజైన్లు గీసుడు నేర్సుకున్న. నేను ఇంట్ల కూసోని గీసిన పూలు పాండేసర మిల్లుల బట్ట మీద అచ్చు పడ్తయి.

బాపుకు ఇంకో పేరున్నది. "ఆయన చెయ్యి మంచిది" అంటరు. మా దిక్కు నుంచి వచ్చినోళ్ల కార్ఖానలల్ల కొత్త సాంచ దిగిందంటె, బొట్టు పెట్టకుంట పోగు ఎక్కియ్యరు. ఆ మొదటి బొట్టు బాపే పెట్టాలె. పొద్దుగాల్నే ఎవలో ఒకలు బండి మీద వచ్చి తోల్కపోతరు. బాపు ఉతికిన అంగి తొడుక్కొని, కుంకుమ భరిణె జేబుల పెట్టుకొని పెండ్లికి పోయినట్టు పోతడు. ఆయన బొట్టు పడ్డ సాంచ ఆగదని మావోళ్ల నమ్మకం. ఎందుకాగయి, ఆగుతయి. ఆగినంక బాగుచేసుటానికి మల్ల ఆయననే పిలుస్తరు. ఆ సంగతి ఎవ్వరు యాది చెయ్యరు.

నా పాత కంప్యూటర్ పెద్ద డిజైన్లకు ఆయాసపడుతుంటె, కొత్తది కొందామని ఆ సేటు దుకాణానికి పోయినం. బాపు గూడ వచ్చిండు. సేటు మంచిగనే మాట్లాడిండు. "భాయ్, ఇది తీస్కో, పదేండ్లు ఎనుకకు తిరిగి చూసే పని లేదు" అని అన్నిటికంటె జోరుగ నడిచే ప్రాసెసర్ అంటగట్టిండు. మా కండ్ల ముంగటనే అన్నీ బిగిచ్చుకుంట వస్తున్నడు. బోర్డుల ప్రాసెసర్ కూసోవెట్టిండు, దాని మీద ఫ్యాన్ ఇంక బిగియ్యలె, గప్పుడు బాపు నన్ను మోచేత్తోని పొడిచిండు.

"గీండ్ల అసలుది ఏది ర?"

"గదే బాపు, ఆ తెల్లటి బిళ్ల. మొత్తం నడిపిచ్చేది అదే."

అంతే, జేబులకెల్లి భరిణె తీసిండు. కుంకుమ రాలిపోవద్దని ఇంటికాన్నే నూనె చుక్క కలుపుకొచ్చిండు. నేను ఆపాలె. కంప్యూటర్ నేర్సుకున్నోన్ని, నాకు తెల్వదా? తెలుసు. గని బాపు చెయ్యి లేసినంక ఆపుడు మా ఇంట్ల ఎవ్వరితోని కాలె, ఆ దినం నాకు ఆపాలని గూడ అనిపియ్యలె. మరి సేటు ఏం చేసిండు? నవ్వుకుంట బోర్డు ఇటు జరిపి, "లగావో కాకా, లగావో! మాతాజీ దీవెన ఉంటె మంచిదే కద" అన్నడు. బాపు ఉంగరపు వేలితోని బిళ్ల నడుమ పెసరగింజంత బొట్టు పెట్టిండు. దాని మీద సేటే తన చేత్తోని పేస్టు రాసి ఫ్యాన్ బిగిచ్చిండు. తన చేత్తోని!

కొన్ని నెలలు కంప్యూటర్ గుర్రం లెక్క ఉరికింది. తర్వాత మొదలైంది పీడ. డిజైన్ అంత గీసి సేవ్ కొడుదునా, తెర నీలం! మల్ల చాలు చేసి మల్ల గీస్తె, ఈసారి మెమొరీ సాలదని చెప్పి సాఫ్ట్‌వేర్ తనంతట తనే మూసుకునేది. మెమొరీ ఎందుకు సాలది, ఉన్నదాంట్ల సగం ఖాళీగనే ఉండె. మిల్లోళ్లు ఫోన్ల మీద ఫోన్లు. నేను కోపంల డబ్బా ఇప్పి దొరికినవి దొరికినట్టు పీకి మార్చుడు మొదలువెట్టిన. బాపు ఎనుక నిలవడి చూస్తుండె.

"గిట్ల అన్నీ ఒక్కసారి పీకితె దొంగ ఎట్ల దొరుకుతడు ర? సాంచ పోగు తెంపుతుంటె మేమేం చేస్తం? ఒక్కటి మారుస్తం, నడిపిస్తం. అది కాదంటె దాన్ని దాని జాగల పెట్టి ఇంకోటి మారుస్తం. రెండు ఒక్కసారి మార్చినోడు మిస్త్రీ కాదు, జూదగాడు."

గట్లనే చేసిన. మెమొరీ కడ్డీలు ఒక్కొక్కటే తీసి చూసిన. దోస్తు దగ్గర అడుక్కొచ్చినవి పెట్టి చూసిన. పాత డబ్బాలకెల్లి పవర్ సప్లై తీసి తగిలిచ్చిన. విండోస్ కొత్తగ ఎక్కిచ్చిన. వేడి చూసిన, అది పద్ధతిగనే ఉన్నది. ఏం చేసినా మల్ల నీలం తెరనే. ఆఖరికి బోర్డు సెట్టింగులల్లకు పోయి ప్రాసెసర్ జోరు తగ్గిచ్చిన. ఆ దినం పొద్దుగాల్నుంచి పొద్దుగూకేదాక ఒక్కసారి గూడ ఆగలె. తెల్లారి జోరు పెంచిన, అర్ధగంటల నీలం. తగ్గిచ్చిన, నడిచింది.

"ఇంకేంది!" అన్నడు బాపు. "మెల్లగ తిప్పితె నడిచి, జోరు మీద పోగు తెంపిందంటె లోపల ఏదో అరిగింది. దొంగ దొరికిండు." ఆయన సంబురం చూడాలె గప్పుడు. వారంటీ ఇంక రెండేండ్లున్నది. "నేను గూడ వస్త, సేటుకు నేనే చెప్త" అని ఉతికిన అంగి తొడిగిండు.

సేటు మా మాట ఇననే లేదు. ఫ్యాన్ పీకిండు. బిళ్ల మీద, ఫ్యాన్ అడుగున, పేస్టుల కలిసి ఎర్రటి మరక. గంతే, ఆ బిళ్లను రెండు వేళ్లతోని పైకి లేపి దుకాణంల ఉన్నోళ్లందరికి చూపెట్టిండు. "చూడుండ్రి, చూడుండ్రి! ప్రాసెసర్‌కు సిందూర్! దీనికి షాదీ చేసిండ్రా ఏంది?" దుకాణంల పది మంది దాక ఉండిరి. అందరు నవ్విండ్రు. మా గల్లీ ఆయన గూడ ఒకడుండె, ఆయన గూడ నవ్విండు.

"సేట్, పెట్టమన్నది నువ్వే కద?" అన్న.

"నేనా? నేనెప్పుడన్న?" అన్నడు కండ్లల్ల కండ్లు పెట్టి. అబద్ధమాడెటోని కండ్లు గంత నిమ్మలంగ ఉంటయని నాకు గప్పుడే తెలిసింది. మల్ల బాపు దిక్కు తిరిగిండు. "కాకా, ఇది ఖరాబు కాలె. నువ్వు సంపినవ్. నీ చేత్తోని సంపినవ్. వారంటీ ఖతం."

బాపు జోరు, పోగు, దొంగ అని దారి పొడుగునా సదురుకున్న మాటలన్నీ మింగి, చెప్పులు తొడుక్కొని బయటికి నడిచిండు.

నాకు కోపమొస్తె నేను మనిషిని కాను. సేటు అంగి పట్టుకుందామనిపిచ్చింది, పట్టుకోలె. బయటికొచ్చినంక అత్త మీది కోపం దుత్త మీద తీసిన. "చెప్తె ఇంటవా నువ్వు? ఇది సాంచనా బొట్టు పెట్టెటందుకు? నీ చెయ్యి జర ఊకుండదా? పదిమందిల ఇజ్జత్ తీసినవ్" అన్న. ఆటో ఎక్కినంక గూడ అన్న. గోడాదరా దాక అన్న. కోపంల మనిషి ఏదో అంటడు, అది వేరే. అసలు పాపం సేటుది.

ముచ్చట మాకంటె ముందే గల్లీకి చేరింది. ఆ వారమే ఇద్దరన్నదమ్ములు నాలుగు కొత్త సాంచాలు దించిండ్రు. బాపును పిలువటానికి ఇంటికొచ్చిండ్రు గూడ. పాపం వాళ్లకు నమ్మకం పోలె. బాపే పోలె. "నా చెయ్యి మంచిది కాదు ర, ఇంకెవలనన్న చూసుకోండ్రి" అన్నడు. వంటింట్ల నుంచి ఇని అమ్మ కొంగు నోట్ల కుక్కుకున్నది. ఒకసారి కాదన్నంక రెండోసారి పిలిచెటోళ్లు తగ్గిండ్రు. ఇంట్ల దేవుని పటానికి గూడ బాపు అమ్మతోనే బొట్టు పెట్టిపిచ్చెటోడు. ఆయనను గట్ల చూసినకొద్ది సేటు మీద నా కడుపు మండుతుండె. బాపు మల్ల లేసి పొద్దుగాల కార్ఖానలకు బొట్టు పెట్టవోవాలె. ఆయనను "సంపినవ్" అన్న నోరే "తప్పయింది" అనాలె. నాకు ఇంకేం అక్కెర లేకుండె.

పగ అంటె ఊకె కూసునుడు కాదు. నాకు తెలిసిన డిజైనర్లు ఎవలు కంప్యూటర్ కొందామన్నా నేనే ఎంబడి పోయి వేరే దుకాణంల కొనిపిచ్చిన. సేటు దుకాణం ముంగటికెల్లే తోల్కపోయెటోన్ని, కావాలని, ఆయన చూడాలని. నవ్వి దండం గూడ పెట్టెటోన్ని. ఆయన మొఖం మాడితె ఆ పూట నాకు అన్నం రుచి తెలిసేది. తప్పే. తప్పని తెలిసి గూడ పాణానికి హాయిగ ఉండేది.

సేటును ఇడిసిపెట్టి సీదా ప్రాసెసర్ చేసిన కంపెనీకి గూడ రాసిన. స్పిరిట్‌తోని మరక తుడిస్తె బిళ్ల మీద నంబరు సాఫ్‌గ కనవడ్డది. కొత్త పేస్టు రాసి మల్ల నడిపిచ్చిన, మల్ల నీలం. బొట్టు లేకున్నా అదే రోగమని ఫోటోలు తీసి, బిల్లు పెట్టి, బాపు చెప్పిన వరుసల్నే ఏది మార్చిననో, ఏది మార్చితె ఏమైందో అంత రాసిన. వాళ్ల మాటలు చక్కెర పాకం. గని ముగ్గురు మనుషులు మూడుసార్లు అవే ప్రశ్నలు అడిగిండ్రు. విండోస్ మల్ల ఎక్కియ్యమన్నరు, ఎక్కిచ్చిన. ఆఖరికి పాత బిళ్ల కొరియర్ చెయ్యమన్నరు. పాత కంప్యూటర్ మీద ఈడ్చుకుంట పని చేసిన. వారాలు గడిచినంక కొత్త బిళ్ల వచ్చింది. పూరా జోరు మీద నడిపిచ్చిన, ఆగలె.

అది సగం గెలుపే. కంపెనీకి మల్ల రాసిన, "ఒక్క మాట చెప్పండి. మా నాయిన పెట్టిన బొట్టుతోని ఇది ఖరాబైందా?" అని. మీ సమస్య తీరినందుకు సంతోషం అని జవాబొచ్చింది. మల్ల అడిగిన, మల్ల సంతోషం. మూడోసారికి ఎవలో మనిషన్నోడు దొరికినట్టున్నడు. పై మూత మీది మరకకు ఈ లోపానికి ఏం సంబంధం లేదు, లోపం తయారైనప్పటిదే అని రాసిండు. అచ్చు తీపిచ్చి బాపుకు తెలుగుల చదివి ఇనిపిచ్చిన.

"కాయిదానిదేమున్నది," అన్నడు బాపు. "వాడు నోటితోని అన్నడు."

శనివారం, దుకాణం నిండ మంది ఉండే టైము చూసి, రానంటె రానన్న బాపును ఎంబడి తోల్కపోయిన. కౌంటర్ మీద కాయిదం పరిచి, అందరికి ఇనవడేటట్టు హిందీల చదివిన. సేటు చుట్టు చూసిండు.

"ఠీక్ హై భాయ్, కొత్తది వచ్చింది కద, ఇంక లొల్లెందుకు?"

"నాకు కాదు సేట్. ఆయనకు చెప్పు. ఆ దినం ఏ నోటితోని అన్నవో ఆ నోటితోనే చెప్పు. చెప్పేదాక ఈడికెల్లి కదల."

సేటు గొంతు తగ్గిచ్చి గొణిగిండు. "కాకా, నీ తప్పు కాదు."

"క్యా?" అన్నడు బాపు, చెవి ముంగటికి వంచి. ముప్పై ఏండ్లు సాంచాల నడుమ నిలవడ్డ మనిషికి చెవులు మందమైతయని సూరత్‌ల ఎవలకు ఎరుక లేదు?

"నీ తప్పు కాదంటున్న కాకా. కంపెనీ తప్పు."

"జర జోరుగ చెప్పు సేట్."

మొఖమంత ఎర్రగ చేసుకొని సేటు ఒర్రిండు. "నీ చేత్తోని కాలేదు కాకా! తప్పు నాది! బొట్టు పెట్టమన్నది గూడ నేనే!"

దుకాణంల ఎవలో కిసుక్కుమన్నరు, ఈసారి సేటును చూసి. బాపు తల ఊపి, చెప్పులు తొడుక్కొని నిమ్మలంగ నడిచిండు. నాకు లోపల దసర పండుగ. ఆటోల కూసున్నంక ఆగలేక అడిగిన.

"మంచిగ ఇనవడ్డదా బాపు?"

"మొదటిసారే ఇనవడ్డది."

నేను నవ్విన నవ్వుకు ఆటో ఆయన ఎనుకకు తిరిగి చూసిండు. తొడ మీద కొట్టుకొని, కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విన. వారెవ్వ బాపు, నాకంటె పెద్ద పగోనివి నువ్వు అన్న. బాపు నవ్వలె. రోడ్డు దిక్కే చూస్తుండె.

"వాడు పరాయోడు. మూడుసార్లు అన్నడు," అన్నడు. "నువ్వు ఒక్కసారన్న అన్నవా?"

నా నవ్వు ఆగిపోయింది. ఆటో పోతనే ఉన్నది. ఆఖరికి, ఆటో ఆయనకు ఇనవడకుంట, మెల్లగ అన్న.

"నీ తప్పు కాదు బాపు."

బాపు చెవి నా దిక్కు తిప్పిండు.

"ఇనవడలె," అన్నడు.