దోశెపిండి జారు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళని చూసి నవ్వుకునే రకం నేను. ఇది రాస్తున్నది కూడా ముందు ఒక అబద్ధాన్ని సరిదిద్దడానికే.

షార్జాలో, రోలా పేటలో, మా హాల్లో ఒక పెద్దావిడ బొమ్మ ఉంది. ఆవిడ మా అత్తగారు. వేసింది నా భార్య సరళ. కళ్ళ కింద రెండు చారలుంటాయి. కూతురు పోయాక ఆ బొమ్మ ఏడ్చిందని ఇక్కడి మనవాళ్ళు చెప్పుకుంటారు. వచ్చి దణ్ణం పెట్టుకుని వెళ్తారు. ఇన్నాళ్ళూ నేను కాదనలేదు.

అవి కన్నీళ్ళు కావు. నేను ఎక్కువ పోసిన నీళ్ళు.

కోవిడ్ మొదటి ఏడాది విమానాలు లేక సరళ వాళ్ళమ్మ చివరిచూపుకు వెళ్ళలేకపోయింది. ఆ తర్వాతే ఆక్రిలిక్ రంగులు కొనుక్కుని ఈ బొమ్మ మొదలుపెట్టింది. ఏసీ గాలికి ఆ రంగులు నిమిషాల్లో ఆరిపోతాయి, ఒకసారి ఆరితే మళ్ళీ కరగవు. అందుకని మూత ఉన్న స్వీట్ల డబ్బాలో కలుపుకుని, ఇస్త్రీకి వాడే స్ప్రే సీసాతో పైన నీళ్ళు చల్లుకునేది. బుగ్గలు మిగిలుండగా తనకీ కోవిడ్ వచ్చింది.

ఆస్పత్రి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అదే అడిగేది, రంగు మీద నీళ్ళు చల్లారా అని. చల్లాననేవాణ్ణి. ఆ భయంలో రంగులేమిటని డబ్బా మూత కూడా తీయలేదు.

"మీ చెయ్యి నాకు తెలుసు, మజ్జిగ చేసేస్తారు. దోశెపిండి జారు ఉండాలండీ, అంతే. వచ్చి అమ్మ బుగ్గలు పూర్తి చేస్తా."

ఆ మాటతో ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే వెళ్ళి మూత తీశాను. రంగు బీటలు వారి ఉంది. నొక్కితే గోరు దిగలేదు.

మెత్తగానే ఉందన్నాను.

"అమ్మయ్య," అంది.

మర్నాడు సరళ పోయింది.

దహనం అయ్యాక ఇంటికొచ్చి, పారేద్దామని డబ్బా తెరిచాను. రంగు తడిగా ఉంది. వేలితో తీస్తే మెల్లగా జారింది, దోశెపిండిలాగే. ఇంట్లో ఉండేది నేనొక్కణ్ణే. తాళం నా దగ్గరే ఉంది. స్ప్రే సీసా ఖాళీగా ఇస్త్రీ బల్ల మీదే ఉంది.

బుగ్గలు నేనే పూర్తి చేద్దామనుకున్నాను. చిక్కగా ఉందేమోనని కాసిని నీళ్ళు పోశాను. కుంచె పెట్టగానే కళ్ళ కింద నుంచి గడ్డం దాకా కారిపోయింది.

రంగుల దుకాణం మలయాళీని అడిగితే, ఎండింది తడవదు, మీరు సరిగ్గా చూసుండరు అన్నాడు. నేను చూశాను. అదెలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను.

డబ్బాలో మిగిలింది మళ్ళీ రాయిలా గట్టిపడింది. ఇప్పుడు రోజూ నీళ్ళు చల్లుతున్నాను. మెత్తబడలేదు.